చీటీ ఏది బిడ్డా?

కోరుట్ల,
సంక్రాంతి ముందు.

చిరంజీవి శీనుకు పెద్దబాపు దీవెనలు.

నువ్వు పంపిన పురుగు ఫోటో చూసిన. అంతకుముందే మీ క్యాంపు పిలగాడు సెలవు మీదొచ్చి, "శీనన్న సెలవునాడు ఒక్కడే ఎడారికి పోతడు, పురుగుల ఎంబడి తిరుగుతడు" అని మీ అమ్మతోని అన్నడట. ఆ రాత్రి ఆమె అన్నం ముట్టలే. పురుగులను చూడొద్దని నేననను. ఒక్కనివి మాత్రం పోకు. నీళ్లు లేకుంట అసలే పోకు.

పొడుగు కాళ్లు, నల్లటి గుండ్రటి ఒళ్లు, పట్టపగలు ఇసుకల ఉరుకుడు. అది అడెస్మియా జాతిది. పై రెక్కలు రెండూ అతుక్కొని ఉంటయి, ఎగురలేదు. ఆ రెక్కల కింది ఖాళీ జాగా ఒంట్లె తడి ఆరిపోకుంట కాపాడుతది. కాళ్లు పొడుగుంటయి గనుక కడుపు కాలే ఇసుకకు అంటదు. చలికాలం నువ్వున్న అరబ్బు దేశంల మధ్యాహ్నం ఎండ హాయిగుంటది, ఎండిన ఆకూ అలమూ తినుకుంట అప్పుడు తిరుగుతది. "ఇది ఎవ్వరికీ తెల్వని పురుగు, నాకు పేరొస్తది" అని రాసినవ్. దానికి పేరు ఎప్పుడో పెట్టిండ్రు కొడుకా. నేనడిగేది చీటీ ఏదని.

ఏ తారీఖు, ఎన్ని గంటలకు, ఏ జాగా, పక్కన ఏ చెట్టు, అదేం చేస్తున్నది? నీ ఫోటోల ఇవేవీ లేవు. సిరిసిల్లల మా మామ సాంచెల కాడ నేనున్నప్పుడు ప్రతి బట్ట తానుకు చీటీ పెట్టేటోళ్లం: ఎన్ని మీటర్లు, ఏ సాంచ, ఎవరు నడిపిండ్రు. చీటీ ఊడిన తాను ఎంత మంచిదైనా ఎవరిదో తేలక మూలకు పడుండేది. మా మామ తినేటోడు తినేటట్టే లేచి, చెయ్యి కడుక్కొని చీటీ రాసేటోడు. ఆ సాంచెల మోతకు కొన్నాళ్లు నాకు నిద్ర పట్టలే. నీ పని కాడ గూడ మిషన్ల మోత ఎక్కువనే అన్నవ్, చెవుల్ల పత్తి పెట్టుకుంటున్నవా?

వానలు పడ్డంక మన చెల్కల్ల ఉరికే నల్ల పురుగు, ఆరు తెల్ల చుక్కలది, యాదికున్నదా? బెదిరిస్తే ఫార్మిక్ ఆమ్లం చిమ్ముతది. నీ కంట్ల పడ్డనాడు మీ నాయినమ్మ బిందెడు నీళ్లు పోసి కడిగి, తెల్లారేదాక నిన్ను ఒళ్లె పెట్టుకొని కూసున్నది. పన్నెండు చుక్కల దాని దాయాది ఒకటి అరబ్బు దేశాలల్ల ఉంటది, కనబడితే మొఖం దగ్గర పెట్టకు. మన ఆరు చుక్కల దానికి ఫాబ్రిషియస్ అనేటాయన 1775లనే పేరు పెట్టిండు. ఆ కాలం నాటి పురుగుల పెట్టెల్ల ఎన్నింటి కిందనో "ఇండియా" అని ఒక్క మాటే ఉంటది. ఇండియా అంటే కోరుట్లనా, కాశీనా? వానకాలం దొరికిందా, చలికాలమా? 250 ఏండ్ల తర్వాత ఎవరిని పోయి అడుగుతం?

మనకాడ పసుపు తవ్వుడు షురువైంది. మట్టిలకెల్లి ఎన్ని తీర్ల పురుగులు లేస్తయో! ఈసారి నేనే ఒక నోటుబుక్కు పెట్టిన. జగిత్యాల పోయినప్పుడు పొలాస పరిశోధన కేంద్రం సార్లకు చూపియ్యాలె. నువ్వు గూడ ఒకటి కొను, చిన్నది, జేబుల పట్టేది. పురుగును సీసాల వేసి చంపకు, పెట్టెల పెట్టుకొని విమానం ఎక్కకు. చూసిన కాడనే నిలబడి రాయి. రూముకు పోయినంక రాస్తనంటే సగం మర్చిపోతవ్.

పెదవులు పగిలినయట, కొబ్బరినూనె రాసుకో. మీ పెద్దమ్మ సకినాలు చేసింది, ఆ పిలగాని చేతనే పంపుతున్నం. మీ అమ్మకు ఫోన్ చెయ్, ఎడారికి ఒక్కనివి పోనని నీ నోటితోని చెప్పు.

నీ పెద్దబాపు