వేళ తప్పిన నిప్పు

పాఠ్యాంశ పరిచయం

యంత్రాన్ని నడపడం ఒక విద్య. నడవని యంత్రం ఎందుకు నడవడం లేదో కనిపెట్టడం మరొక విద్య. మొదటిదానికి అలవాటు చాలు. రెండవదానికి తర్కం, ఓర్పు, తన తప్పును తాను ఒప్పుకొనే నిజాయితీ కావాలి. విప్పి బిగించిన ఒక పాత మోటారుసైకిలు మొరాయించినప్పుడు రచయితకు కలిగిన అనుభవం ఈ పాఠంలోని విషయం.

పాఠ్యభాగం

మా ఇంటి వసారాలో గోనెపట్టా కప్పుకొని నిలిచి ఉండే బుల్లెట్టును మా నాన్నగారు 1974లో కొన్నారు. ఆయన కోనసీమలో ఒక పశువైద్యశాలలో కాంపౌండరుగా పనిచేసేవారు. ఏ ఊరిలో ఏ ఆవు ఈనలేక బాధపడుతున్నా, అర్ధరాత్రి అయినా సరే, కాలువగట్ల వెంట ఆ బండి మీదనే వెళ్లేవారు. దూరాన ఆ చప్పుడు వినబడగానే రైతులు “డాక్టరుగారు వచ్చేస్తున్నారు” అని ఊరట చెందేవారు. ఆయన డాక్టరు కారని వారికి తెలియకపోలేదు. కానీ ఆ వేళకు వచ్చేవాడే వారికి డాక్టరు.

బుల్లెట్ అనే పేరు ఇంగ్లండులో పుట్టింది. రెడ్డిచ్ పట్టణంలోని రాయల్ ఎన్‌ఫీల్డ్ కర్మాగారం 1932లో తన మోటారుసైకిలుకు ఆ పేరు పెట్టింది. భారత సైన్యం ఈ బండిని ఎన్నుకోవడంతో 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా సంస్థ ఏర్పడింది. తొలుత ఇంగ్లండు నుంచి వచ్చిన విడిభాగాలను ఇక్కడ కూర్చేవారు. క్రమంగా అన్ని భాగాలూ మన దేశంలోనే తయారుకాసాగాయి. రెడ్డిచ్ కర్మాగారం మూతపడినా, మద్రాసు శివారు తిరువొత్తియూరులో బుల్లెట్ల తయారీ ఆగలేదు. పోత ఇనుప సిలిండరు గల ఆ పాతరకం ఇంజను దాదాపు 2010 వరకు తయారవుతూ వచ్చింది. అందుకే అరవై ఏళ్లనాటి నమూనాకు సైతం విడిభాగాలు దొరకడం మన వద్ద వింత కాదు.

2004 వేసవిలో నా పాలిటెక్నిక్ విద్యాభ్యాసం ముగిసింది. అప్పటికి నాన్నగారు ఉద్యోగ విరమణ చేసి ఆరు నెలలైంది. బండి నడిచేది కానీ, సిలిండరు అరిగి సైలెన్సరు నుంచి నీలిపొగ కక్కేది. పదిహేనేళ్లు దాటిన సొంత బండికి ఐదేళ్లకొకసారి తనిఖీ చేయించి రిజిస్ట్రేషనును పునరుద్ధరించుకోవాలి. ఆ గడువు జూన్ నెలాఖరుకు ముగియనుంది. ఇంజను విప్పి బాగుచేస్తానని నేనే ముందుకు వచ్చాను. విజయవాడ ఆటోనగర్‌కు తీసుకుపోయి సిలిండరు బోరు చేయించాను. కొత్త పిస్టను, కొత్త రింగులు తెచ్చాను. పన్నెండు రోజులు శ్రమించి, ఒక్క నట్టు కూడా మిగలకుండా ఇంజనును మళ్లీ కూర్చాను.

పదమూడవ రోజు ఉదయం కిక్కు కొట్టాను. పలకలేదు. పదిసార్లు, ఇరవైసార్లు, యాభైసార్లు కొట్టాను. మధ్యమధ్య కార్బురేటరు వైపు నుంచి తుమ్మినట్లు ఒక చప్పుడు, సైలెన్సరులో తుపాకి పేలినట్లు మరొక చప్పుడు తప్ప ఇంజను అందుకోలేదు. ప్లగ్ మార్చాను. కండెన్సరు మార్చాను. చేతిలో మిగిలిన డబ్బుతో కొత్త కాయిలు కొన్నాను. కార్బురేటరును మూడుసార్లు విప్పి కడిగాను. నాలుగు రోజులు గడిచాయి. కుడికాలి మడమ వాచింది.

ఆ సాయంత్రం నాన్నగారు వసారాలోకి వచ్చి కొంతసేపు మౌనంగా నిలుచున్నారు. “తనిఖీ రోజుకు పలికితే ఉంచుదాం నాన్నా. లేకపోతే పాత ఇనుము వాళ్లకు ఇచ్చేద్దాం. దాన్నిలా నిలబెట్టి చూస్తూ ఉండటం నావల్ల కాదు” అన్నారు. ఆ మాటలో కోపం లేదు. ఉంటే బాగుండేదనిపించింది.

మరునాడు మేస్త్రీగారు వచ్చారు. ముప్పై ఏళ్లు మా నాన్నగారి బండిని చూసుకున్న మనిషి. చూపు మందగించి పని మానుకున్నారు. ఆయన వెంట స్పానరు కూడా తెచ్చుకోలేదు. అరుగు మీద కూర్చుని నన్నడిగిన మొట్టమొదటి ప్రశ్న ఇది: “విప్పక ముందు బండి నడిచేదా బాబూ?”

“నడిచేదండి. పొగ వచ్చేది, అంతే.”

“అయితే కాయిలెందుకు మార్చావు? నడిచే బండిలో కాయిలు, నువ్వు విప్పినంత మాత్రాన చెడిపోతుందా? తిరిగే బండి దారిలో ఆగితే బండిని అనుమానించు. నువ్వు విప్పి బిగించిన బండి పలకకపోతే ముందు నీ చేతిని అనుమానించు.”

నేను తల వంచుకున్నాను. ఆయన మూడు వేళ్లు చూపి, ఇంజను పలకడానికి పెట్రోలు, నిప్పు, ఒత్తిడి కావాలని, వాటిని ఒకదాని తరువాత ఒకటిగా పరీక్షించాలని, ఒక పరీక్ష ముగిసేదాకా మరొకదాన్ని ముట్టరాదని చెప్పారు. ఒకేసారి రెండు మార్పులు చేస్తే, బండి పలికినా ఏ మార్పు వల్ల పలికిందో తెలియదని హెచ్చరించారు.

మొదటి పరీక్ష పెట్రోలుకు. కార్బురేటరుకు వెళ్లే గొట్టాన్ని ఊడదీసి కుళాయి తిప్పాను. ధార తెగకుండా వచ్చింది. కిక్కులు కొట్టి విప్పిన ప్లగ్ కొన తడిసి ఉంది. పెట్రోలు సిలిండరులోకి చేరుతోందన్నమాట.

రెండవది నిప్పుకు. తీగ తగిలించిన ప్లగ్‌ను సిలిండరు హెడ్డుకు ఆనించి, పెట్రోలు తడికి దూరంగా ఉంచి కిక్కు కొట్టాను. టక్కుమని నీలిరంగు నిప్పురవ్వ దూకింది. పాత కాయిలు బిగించి చూసినా అదే రవ్వ వచ్చింది. నేను పెట్టిన ఖర్చు ఎంత అనవసరమో అప్పుడు తెలిసింది.

మూడవది ఒత్తిడికి. ప్లగ్ బిగించి కిక్కు రాడ్డును చేతితో మెల్లగా అదిమితే, ఒకచోట అది బిగబట్టి నిలిచిపోయింది. రింగులు, వాల్వులు గాలిని నిలుపుతున్నాయని అర్థం.

“మూడూ ఉన్నాయి మేస్త్రీగారూ! మరి ఎందుకు పలకదు?” అని అడిగాను.

ఆయన నవ్వి, “వాన మంచిదే కదా! అది కోతల నాడు కురిస్తే?” అన్నారు.

ఆ మాటలోని భావం గ్రహించడానికి ఇంజను పనిచేసే తీరును కొంత తెలుసుకోవాలి. జర్మనీకి చెందిన నికొలాస్ ఒట్టో 1876లో రూపొందించిన నాలుగు దశల ఇంజను సూత్రమే బుల్లెట్టుకూ ఆధారం. పిస్టను కిందికి దిగుతూ పెట్రోలు కలిసిన గాలిని పీల్చుకుంటుంది. పైకి పోతూ దాన్ని అదుముతుంది. అదిమిన మిశ్రమం మండి పిస్టనును బలంగా కిందికి తోస్తుంది. పిస్టను తిరిగి పైకి పోతూ కాలిన వాయువులను వెలుపలికి నెడుతుంది. ఈ నాలుగు దశలు ముగిసేసరికి ఇరుసు రెండు చుట్లు తిరుగుతుంది. నిప్పు మాత్రం ఒక్కసారే పడాలి. ఇంజను నిమిషానికి 900 చుట్లు తిరిగితే ప్లగ్‌లో 450 రవ్వలే పుడతాయి. అందుకే నిప్పు వేళను నిర్ణయించే పాయింట్ల ఇరుసు, ఇంజను వేగంలో సగం వేగంతో తిరిగేలా పళ్లచక్రాలను అమర్చారు. పాయింట్లు విడిపోయిన క్షణంలోనే రవ్వ దూకుతుంది.

చిక్కంతా ఇక్కడే ఉంది. రెండు చుట్లలో పిస్టను రెండుసార్లు పైకొనకు చేరుతుంది. ఒకసారి మిశ్రమాన్ని అదుముతూ, మరొకసారి పొగను వెళ్లగొడుతూ. ప్లగ్ రంధ్రంలోంచి చూసే కంటికి ఆ రెండూ ఒక్కలాగే కనిపిస్తాయి. నేను పిస్టను పైకి రావడం చూసి పాయింట్లను అమర్చాను కానీ, అది ఏ రాకడో చూడలేదు.

మేస్త్రీగారు బండిని స్టాండు మీద నిలబెట్టించి, ప్లగ్ విప్పించి, రంధ్రాన్ని తన బొటనవేలితో మూశారు. టాప్ గేరులో వెనుక చక్రాన్ని నన్ను మెల్లగా తిప్పమన్నారు. “పాయింట్లు ఎప్పుడు విడుతున్నాయో చెప్పు” అన్నారు. ఇగ్నిషను తాళం తిప్పి ఉంచాం. పాయింట్లు కలిసి ఉన్నంతసేపు ఆమ్మీటరు ముల్లు ఒక పక్కకు వాలి ఉంటుంది. విడగానే మధ్యకు వస్తుంది. ముల్లు మధ్యకు వచ్చిన క్షణాన “ఇప్పుడు” అన్నాను.

“గాలి లేదు” అన్నారాయన. మరొక చుట్టు తిప్పాను. ఆయన వేలు రంధ్రం మీద నుంచి ఎగసింది. “ఇదిగో గాలి! ముల్లు కదిలిందా?”

కదలలేదు.

నిప్పు ఉంది. కానీ సరిగ్గా ఒక చుట్టు తేడాతో, పొగ వెళ్లే వేళలో పడుతోంది. అప్పుడప్పుడే తెరుచుకొంటున్న వాల్వు వద్ద కొంత మిశ్రమం అంటుకొని కార్బురేటరు తుమ్మేది. మండని మిశ్రమం సైలెన్సరులో చేరి పేలేది. నాలుగు రోజులుగా ఇంజను తన జబ్బును తానే చెబుతోంది. నేను వినలేదు.

పాయింట్ల ఇరుసును సడలించి, సగం చుట్టు తిప్పి, గాలి వేలిని నెట్టే రాకడలో పిస్టను పైకొనకు చేరడానికి కొద్దిగా ముందు పాయింట్లు విడేలా బిగించాను. పాయింట్ల ఎడం 0.35, 0.40 మిల్లీమీటర్ల మధ్య ఉన్నదని గేజితో సరిచూసుకొన్నాను. కొత్త భాగమేదీ వేయలేదు.

రెండవ కిక్కుకే ఇంజను అందుకుంది.

లోపలి గదిలో కుర్చీ జరిగిన శబ్దం వినిపించింది. నాన్నగారు గుమ్మం పట్టుకొని నిలుచుని, కాసేపు విన్నారు. పొగడ్త వస్తుందని ఎదురుచూశాను. “ఐడిలింగు కొంచెం ఎక్కువగా ఉంది, తగ్గించు” అన్నారు. అని, చెప్పులు తొడుక్కుని, బండి తాళం కోసం చేయి చాచారు.

తనిఖీలో బండి నెగ్గింది. మరో ఐదేళ్లకు అనుమతి లభించింది. తరువాత ఎన్నో యంత్రాలను విప్పాను. ఏది మొరాయించినా దుకాణానికి పరుగెత్తే ముందు ఒక కాగితం తీసుకుని, నేను చివరిగా ముట్టిన భాగాలను వరుసగా రాసుకుంటాను. తప్పు చాలాసార్లు ఆ జాబితాలోనే దొరుకుతుంది.

కఠిన పదాలకు అర్థాలు

ఊరట = ఉపశమనం
శివారు = పొలిమేర
మొరాయించు = కదలక మొండికేయు
గడువు = నియమిత కాలం
ఇరుసు = చక్రం తిరగడానికి ఆధారమైన కడ్డీ
రాకడ = రావడం
ఎడం = మధ్య దూరం

సందర్భసహిత వ్యాఖ్యలు రాయండి

1. “ముందు నీ చేతిని అనుమానించు.”
2. “వాన మంచిదే కదా! అది కోతల నాడు కురిస్తే?”

వ్యాసరూప సమాధాన ప్రశ్నలు

1. మేస్త్రీగారు చేయించిన మూడు పరీక్షలను వివరించి, వాటి తరువాత కూడా దోషం ఎందుకు మిగిలిందో తెలపండి.
2. ‘భాగాలను మార్చడం వేరు, కారణాన్ని వెతకడం వేరు’ – ఈ పాఠం ఆధారంగా సమర్థించండి.

సంక్షిప్త సమాధాన ప్రశ్నలు

1. కాంపౌండరును రైతులు డాక్టరుగారని ఎందుకు పిలిచేవారు?
2. పాయింట్ల ఇరుసు ఇంజను వేగంలో సగం వేగంతోనే ఎందుకు తిరగాలి?
3. ఇంజను పలికిన తరువాత తండ్రి ప్రవర్తనలో వ్యక్తమైన భావమేమిటి?

వ్యాకరణం

సంధులు: విద్యాభ్యాసం = విద్య + అభ్యాసం (సవర్ణదీర్ఘ సంధి); మొట్టమొదట = మొదట + మొదట (ఆమ్రేడిత సంధి)

సమాసాలు: నీలిపొగ = నీలమైన పొగ (విశేషణ పూర్వపద కర్మధారయం); కాలువగట్టు = కాలువ యొక్క గట్టు (షష్ఠీ తత్పురుషం); మూడు పరీక్షలు = మూడు సంఖ్య గల పరీక్షలు (ద్విగువు)