వాగ్దాన కార్డు వెనకున్న ఉత్తరం

డిసెంబర్ 31 రాత్రి ఆరాధనలో తీసుకున్న వాగ్దాన కార్డును ఏడాదంతా బైబిల్లో దాచుకునేవాళ్లు మనలో చాలామంది. యిర్మీయా 29:11 వస్తే మరీ సంబరం. మంచి భవిష్యత్తు ఉందని దేవుడే మాటిచ్చే వచనం కదా! ఉద్యోగం ఊడినరోజు చెయ్యి ముందు దానివైపే పోతుంది. పోనివ్వండి. కాకపోతే ఆ ఒక్క వచనం దగ్గర ఆగకుండా అధ్యాయమంతా చదవండి.

అది ఒక ఉత్తరం. క్రీ.పూ. 597లో నెబుకద్నెజరు యెరూషలేము నుంచి బబులోనుకు చెరపట్టుకుపోయినవాళ్లకు ప్రవక్త రాసి పంపాడు. వాళ్లలో పెద్దలూ యాజకులే కాదు, చేతిపనివాళ్లూ ఉన్నారు. రెండేళ్లలో అంతా చక్కబడుతుందని హనన్యా అనే మరో ప్రవక్త ప్రకటించాడు. యిర్మీయా 70 ఏళ్లన్నాడు. ఈలోగా ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, పిల్లల పెళ్లిళ్లు చేయండి, ఉన్న ఊరి క్షేమం కోసం ప్రార్థించండి అన్నాడు. మనం కార్డు మీద చదివే నిరీక్షణ ఈ పనుల మధ్యనే ఉంది.

అందుకే ఫలానా నెలలోపు ఉద్యోగం ఖాయమని ఎవరైనా ప్రవచిస్తే హనన్యాను గుర్తు తెచ్చుకోండి. ఆ మాట నమ్మి అప్పు చేయకండి, కానుక కోసమైతే అసలే వద్దు. ఉన్నదాన్ని బట్టే ఇమ్మని, లేనిదాన్ని బట్టి కాదని పౌలు కొరింథీయులకు రాసిన రెండో పత్రికలో స్పష్టంగానే చెప్పాడు.

ఉద్యోగం పోయిన మొదటి వారంలోనే రిలీవింగ్ లెటర్, ఎక్స్‌పీరియన్స్ లెటర్, చివరి జీతం లెక్క అడిగి తీసుకోండి. పీఎఫ్ ఖాతాలో ఉద్యోగం మానిన తేదీ ఎక్కిందో లేదో చూడండి. కంపెనీ ఇచ్చిన ఆరోగ్య బీమా ఏ రోజుతో ముగుస్తుందో కనుక్కోండి. ఈఎంఐ కట్టలేమనిపిస్తే, వాయిదా తప్పకముందే బ్యాంకుకు వెళ్లి మాట్లాడండి.

కాగితాల పని విశ్వాసానికి తక్కువ అనుకుంటే యిర్మీయా 32వ అధ్యాయం తీయండి. బబులోను సైన్యం యెరూషలేమును ముట్టడించింది, ప్రవక్త ఖైదులో ఉన్నాడు. అప్పుడు అనాతోతులో పొలం కొన్నాడు. 17 తులాల వెండి తూచి ఇచ్చి, సాక్షుల ముందు క్రయపత్రం మీద సంతకం పెట్టి, ముద్ర వేసిన ప్రతినీ ముద్ర వేయనిదానినీ మట్టికుండలో భద్రపరచమన్నాడు. ఊరు పడిపోతుందని చెప్పిన మనిషే మళ్లీ ఇక్కడ పొలాలు కొంటారని నమ్మి, ఆ నమ్మకానికి దస్తావేజు రాయించాడు.

ఇక సంఘం సంగతి. గృహకూడికలో “ఉద్యోగం పోయింది, ప్రార్థించండి” అని ఊరుకోవద్దు. ఏం చదివారు, ఏ పని వచ్చు, ఏ ప్రాంతంలో వెతుకుతున్నారు, అన్నీ చెప్పండి. సిగ్గుపడాల్సిందేమీ లేదు. క్లౌదియ చక్రవర్తి ఆజ్ఞతో రోమా వదిలి వచ్చిన అకుల, ప్రిస్కిల్ల కొరింథులో డేరాల పని చేసుకుంటుంటే, అదే వృత్తి వచ్చిన పౌలు వాళ్లింట ఉండి కలిసి పనిచేశాడు.

అయితే కూడికలో దొరికే పరిచయాలన్నీ అకుల ఇంటివి కావు. ఎవరైనా గల్ఫ్ ఏజెంటును చూపిస్తే, ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో అతనికి రిజిస్ట్రేషన్ ఉందో లేదో చూశాకే డబ్బూ పాస్‌పోర్టూ చేతిలో పెట్టండి. అతను పాస్టర్‌గారి బంధువైనా సరే.