చదరంగపు గడులలో ఒక మహాసంఖ్య

చదరంగ ఫలకంపై మొదటి గడిలో ఒక ధాన్యపు గింజ, రెండవదానిలో రెండు, మూడవదానిలో నాలుగు – ఈ విధంగా రెట్టింపు చేయుచు 64 గడులను నింపవలెనని రాజును కోరిన మేధావి కథ సుప్రసిద్ధం. ఆ గింజల మొత్తాన్ని నిక్షేపించిన చంపకమాల పద్యం ఒకటి తెలుగులో ఉన్నది. అది పావులూరి మల్లన గణితంలోనిదని ప్రసిద్ధి. 11వ శతాబ్దివాడని పలువురు భావించే మల్లన, మహావీరాచార్యుని సంస్కృత ‘గణితసారసంగ్రహాన్ని’ తెనిగించిన కవి.

పద్యంలో అంకెలు నేరుగా కనిపించవు. చంద్రుడనగా ఒకటి, వేదాలనగా నాలుగు, బాణాలనగా అయిదు, ఆకాశమనగా సున్న. వీనిని ఒకట్ల స్థానం నుండి ఎడమకు పేర్చగా వచ్చే సంఖ్య ఇది:

1,84,46,74,40,73,70,95,51,615

మొదటి మూడు గడుల మొత్తం ఏడు. అనగా నాలుగవ గడిలోని ఎనిమిదికి ఒకటి తక్కువ. ఇదే న్యాయాన 64 గడుల మొత్తం 2⁶⁴ – 1. గింజకు 25 మిల్లీగ్రాముల వంతున లెక్కించిన, ఆ ధాన్యం సుమారు 46,000 కోట్ల టన్నులు. అన్నే నీటి అణువుల బరువు మాత్రం అర మిల్లీగ్రాముకు కొంచెమే ఎక్కువ! 64 బిట్లలో, ఋణ సంఖ్యలను విడిచిపెట్టినచో, ఇమిడే గరిష్ఠ పూర్ణాంకం కూడ ఇదియే.

64 సరిసంఖ్య కనుక 2⁶⁴ – 1 ని (2³² – 1), (2³² + 1) ల లబ్ధంగా వ్రాయవచ్చును. మొదటి దానిని మరల మరల అట్లే విడదీసిన 3, 5, 17, 257, 65,537 లభించును. రెండవది ప్రధానసంఖ్య అని ఫెర్మా తలచెను. అది 641, 67,00,417 ల లబ్ధమని 1732లో ఆయిలర్ కనుగొనెను. ఘాతం ప్రధానసంఖ్య అయినంత మాత్రాన ఫలితం ప్రధానం కానక్కరలేదు; కాని అప్పుడే అందుకు అవకాశం ఉండును. నేపర్‌విల్‌కు దక్షిణాన అర్బానాలో, ఇల్లినాయ్ విశ్వవిద్యాలయమున 1963లో డొనాల్డ్ గిలీస్ 2¹¹²¹³ – 1 ప్రధానమని నిరూపించినప్పుడు, గణితశాఖ ఆ వార్తను తన తపాలా ముద్రగా వేసుకొన్నది. ఆ సంఖ్యలో 3,376 అంకెలు ఉన్నవి.

తరతరాలుగా చేతివ్రాతలలోను, కంఠాలలోను నిలిచిన పద్యంలో ఒక్క పదం మారినను లెక్క చెడును. ఛందస్సు కొంత రక్షణ, గణితం మరికొంత. రెండు ఘాతాలను 9చే భాగించిన శేషాలు 2, 4, 8, 7, 5, 1 వరుసలో తిరుగును. 64వ శేషం 7. ఒకటి తీసివేసిన 6. మన సంఖ్యలోని అంకెల మొత్తం 87. 8, 7 కలిపిన 15. 1, 5 కలిపిన 6. సరిపోయినది!

అయితే రెండు అంకెలు తారుమారైనచో ఈ పరీక్ష పసిగట్టలేదు. అందుకు 11 పరీక్ష ఉన్నది. ఒకట్ల స్థానం నుండి ఒక అంకెను కూడుచు, మరుసటి దానిని తీసివేయుచు పోయిన 37 వచ్చును. 11చే భాగించిన శేషం 4. 2¹⁰, అనగా 1,024, శేషం 1 కనుక 2⁶⁰ శేషం కూడ 1. 2⁴ శేషం 5. ఒకటి తీసివేసిన 4. పక్కపక్కనున్న రెండు వేర్వేరు అంకెలు మారినను ఈ పరీక్షలో దొరికిపోవును.

ఇక్కడి పిల్లలకు ఈ పద్యం నేర్పే తల్లిదండ్రులు ఈ రెండు పరీక్షలను కూడ నేర్పుట మంచిది. అప్పుడు వారు దానిని వల్లించుటయే కాక, కాగితం, కలంతో సరిచూడగలరు కూడ.