ఏలీ పొరపాటు: సంతానము కొరకు కనిపెట్టుచున్న సహోదరి విషయమై ఒక పాఠము

చదువవలసిన భాగములు: 1 సమూయేలు 1వ అధ్యాయము, లూకా 1:5–25, మార్కు 5:25–34



ఈ నెల పాఠము వ్రాయుటకు నాకు కొంత సంకోచము కలిగినది. ఆడువారి బహిష్టు సంగతులు సంఘ పత్రికలో వ్రాయవచ్చునా అని మా పెద్దలలో ఒకరు అడిగిరి. పండ్రెండేండ్లు రక్తస్రావముతో బాధపడిన స్త్రీ సంగతిని మార్కు దాచక వ్రాసెను. ఆమె తనకున్నదంతయు వైద్యులకు ఖర్చుపెట్టి, మేలు పొందక, మరింత నలిగిపోయెనని కూడ వ్రాసెను. వేదము చెప్పుటకు సిగ్గుపడని సంగతిని మనము చదువుటకు సిగ్గుపడనేల అని వారికి చెప్పి, ఈ పాఠము మొదలుపెట్టితిని.

1. షిలోహు మందిరములో జరిగినది

హన్నా కథ మనకు తెలిసినదే. ఆమెకు పిల్లలు లేరు. సవతియైన పెనిన్నా ఏటేట ఆమెను దెప్పిపొడిచెడిది. భర్తయైన ఎల్కానా మంచివాడు, ఆమెను ప్రేమించినవాడు. అయితే తన ప్రేమ ఉండగా ఆమెకు ఇంకేమి లోటని అతడు తలంచెను. అట్లు తలంచు భర్తలు నేటికిని ఉన్నారు.

హన్నా మందిరమునకు వెళ్లి ఏడ్చి ప్రార్థించెను. పెదవులు కదలుచుండెను గాని స్వరము వినబడలేదు. ద్వారబంధము నొద్ద కూర్చున్న యాజకుడైన ఏలీ ఆమెను చూచి, త్రాగియున్నదని యెంచి గద్దించెను. ఏలీ దుర్మార్గుడు కాడు. అతడు చూచెను గాని అడుగలేదు. అడుగక మునుపే తీర్పు తీర్చెను. అతని పొరపాటు అదియే.

అయినను అతనియందు ఒక మంచి గుణము కలదు. హన్నా తన దుఃఖము తెలిపినప్పుడు అతడు వెంటనే తన్ను తాను దిద్దుకొని, ఆమెను దీవించి పంపెను. ఈ పాఠమంతయు ఆ రెండు సంగతులను గూర్చియే: అడుగక తీర్పు తీర్చుట, తెలిసిన తరువాత దిద్దుకొనుట.

2. నేను చేసిన పొరపాటు

మంగళగిరి చుట్టుపట్ల ఊళ్లలో ఒక సంఘమునకు నేను కాపరిని. మా సంఘములో ఒక సహోదరి కలదు. ఆమె అనుమతితోనే ఇది వ్రాయుచున్నాను. పెండ్లియై ఏడేండ్లయినను ఆమెకు సంతానము కలుగలేదు. ప్రతి శుక్రవారము ఉపవాస ప్రార్థనలో ఆమె పేరు చెప్పి ప్రార్థించితిమి. ఒక కూడికలో నేను, ప్రార్థనకు జవాబు రాని యెడల మన జీవితములో దాచుకొన్నది ఏమైన ఉన్నదేమో పరీక్షించుకొనవలెనని చెప్పితిని. ఆమె పేరు నేనెత్తలేదు. అయినను అందరి కన్నులు ఆమె వైపు తిరిగినవి. ఆ మరుసటి వారము నుండి ఆమె గుడికి వచ్చుట మానివేసెను.

విశ్వాసము తగ్గినదని నేను తలంచితిని. నా భార్య అట్లు తలంచక వారి ఇంటికి వెళ్లెను. పట్టపగలు ఆ సహోదరి చాపమీద ముడుచుకొని పడుకొని, కడుపు చేతులతో అదుముకొనియున్నది. ఏమని అడుగగా ఆమె చెప్పినది: “అమ్మగారూ, మీరు అడిగారు గనుక చెబుతున్నాను. ముట్టు వచ్చినప్పుడల్లా నేను చచ్చి బతుకుతున్నాను. ఒక్కోసారి రెండు నెలలు, మూడు నెలలు రానే రాదు. వచ్చిందంటే లేవలేను. నాట్లకు పోతే గట్టుమీద పడిపోయాను. పిల్లలు పుడితే అదే పోతుంది అంటారు అందరూ. ఆ పిల్లలే కదమ్మా పుట్టనిది!”

ఆ మాట ఇంటికి వచ్చి నా భార్య నాతో చెప్పినప్పుడు నాకు ఏలీ జ్ఞాపకము వచ్చెను. ఆమె కొరకు మూడేండ్లు ప్రార్థించితిని గాని, ‘నీకేమైన నొప్పి ఉన్నదా తల్లీ’ అని ఒక్కసారి ఎవరిచేతనైనను అడిగింపలేదు.

మరియొక సంగతి బయలుపడెను. నెలసరి సరిగా వచ్చుటకని ఎవరో చెప్పగా, ఆమె రెండేండ్లుగా మందుల దుకాణములో ఒక రకము మాత్రలు కొని మ్రింగుచుండెను. అవి వాడినంతకాలము గర్భము నిలువనీయని మాత్రలు! బిడ్డ కొరకు మోకాళ్లూని, అదే రాత్రి బిడ్డను ఆపు మాత్ర వేసికొనుచుండెను. ఈ సంగతి ఆమెకు తెలియదు, మాకును తెలియదు.

3. ఈ వ్యాధులు ఏవి?

ఆమెను, భర్తను వెంటబెట్టుకొని నా భార్యయు నేనును ఆసుపత్రికి వెళ్లితిమి. ఆమెకు రెండు వ్యాధులు కలిసియున్నవని తేలెను. ఈ రెండును మన గ్రామములలో అనేకులకు ఉన్నవి గనుక వివరించుచున్నాను.

మొదటిది ఎండోమెట్రియోసిస్. గర్భసంచి లోపల ఒక పొర ఉండును. ఆ పొరను పోలినది గర్భసంచి వెలుపల, అండాశయముల మీదను, నాళముల చుట్టును, ప్రేగుల దగ్గరను పెరుగును. నెలనెల అదియు వాచి రక్తము కార్చును. ఆ రక్తము బయటికి పోవుటకు త్రోవ లేదు. అందుచేత లోపల పుండువలె వాచి, అవయవములు ఒకదానికొకటి అంటుకొనును. అండాశయములో ముదురు రంగు రక్తము నిలిచి గడ్డ కట్టిన యెడల దానిని చాక్లెట్ సిస్టు అందురు. ముట్టులో భరింపరాని నొప్పి, భార్యాభర్తల కలయికలో నొప్పి, సంతానము ఆలస్యమగుట దీని గురుతులు. లోకములో ప్రసవ వయస్సులోనున్న స్త్రీలలో దాదాపు నూటికి 10 మందికి ఇది కలదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది.

రెండవది పీసీఓఎస్. మనవారు ‘నీటి బుడగలు’ అందురు. నిజమునకు అవి బుడగలు కావు, పక్వమునకు రాక నిలిచిపోయిన చిన్న అండకోశములు. ఒంటిలోని హార్మోనుల తూకము తప్పుటచేత అండము నెలనెల విడుదల కాదు. ముట్టు నెలలు తప్పును. కొందరికి గడ్డముమీద వెండ్రుకలు, మొటిమలు, బరువు పెరుగుట కనబడును. సన్ననివారికి కూడ ఇది రావచ్చును. ముందుముందు మధుమేహము వచ్చు అవకాశము హెచ్చు గనుక రక్తములో చక్కెర పరీక్ష చేయించుకొనవలెను. ముట్టు నెలల తరబడి రాకుండ వదలివేయుటయు మంచిది కాదు. లోపలి పొర మందమై, కాలక్రమమున కీడు కలుగవచ్చును.

ఈ రెండింటి చికిత్స ఒకదానికొకటి ఎదురు నడచుటచేత చిక్కు వచ్చుచున్నది. మొదటిదాని నొప్పి తగ్గించు హార్మోను మాత్రలు అండము విడుదలను సాధారణముగా ఆపును. రెండవదానికైతే, బిడ్డ కావలెనన్న అండము విడుదల చేయించవలెను. అందుచేత డాక్టరుగారి యెదుట మొదటి మాటగా ‘మాకు బిడ్డ కావలెను’ అని చెప్పవలెను. ఇది మరువవద్దు.

4. ఇది పాపమా? శాపమా?

లూకా తన సువార్త మొదటి అధ్యాయములోనే దీనికి జవాబిచ్చెను. జెకర్యా ఎలీసబెతులు దేవుని దృష్టికి నీతిమంతులు, నిందలేనివారు. వారికి పిల్లలు లేరు. ఈ రెండు మాటలను అతడు ప్రక్క ప్రక్కనే వ్రాసెను. పిల్లలు లేకపోవుట పాపమునకు జీతమైన యెడల ఈ రెండును ఒకచోట ఇమడవు. పుట్టు గ్రుడ్డివానిని చూచి ఎవరు పాపము చేసిరని శిష్యులు అడిగినప్పుడు, వాడును వాని కన్నవారును కారని ప్రభువు చెప్పెను (యోహాను 9). కనుక ‘గొడ్రాలు’ అను మాట మన నోట నుండి పోవలెను. అది వ్యాధి పేరు కాదు, మనిషిమీద వేసిన ముద్ర.

5. ఇంటివారు చేయవలసినది

భర్తలారా, మొదట మీరు పరీక్ష చేయించుకొనుడి. సంతానము లేని దంపతులలో అనేకుల విషయములో కారణము పురుషునియందు, లేక ఇద్దరియందు ఉండును. పురుషుని పరీక్ష సులభము, నొప్పి లేనిది, ఖర్చు తక్కువది. మా సహోదరి భర్త మొదట ఒప్పుకొనలేదు. ‘అయ్యగారూ, ఊళ్లో తెలిస్తే నా మొహం ఎక్కడ పెట్టుకోను’ అనెను. ‘ఏడేండ్లు ఆమె ఎక్కడ పెట్టుకొనెనో అక్కడ’ అని చెప్పితిని. అతడు చాలసేపు మాటలాడక, లేచి వెళ్లి పరీక్ష చేయించుకొనెను. పొగ, పొగాకు, సారా పురుషుని శక్తిని కూడ తగ్గించును.

అత్తగారలారా, కోడలు ముట్టులో లేవలేకయున్న యెడల అది సోమరితనము కాదు. ‘అందరికీ ఉండే నొప్పే’ అనవద్దు. ఇంటిపని, పొలముపని ఆగిపోవునంత నొప్పి అందరికి ఉండదు.

రెండవ పెండ్లి మాట ఎత్తువారికి ఒక సంగతి. ఎల్కానాకు ఇద్దరు భార్యలు ఉండుటచేతనే హన్నా దుఃఖము రెట్టింపాయెను. క్రైస్తవునికి రెండవ భార్య లేదు. 1869 నాటి విడాకుల చట్టములో సంతానము లేకపోవుట విడాకులకు కారణముగా లేదు.

6. వైద్యము, డబ్బు, చట్టము

అమెరికా లూథరన్ మిషను పంపిన వైద్యురాలు అన్నా కుగ్లర్ 1883లో గుంటూరు వచ్చెను. పురుష వైద్యునికి తమ బాధ చెప్పుకొనలేని స్త్రీల కొరకు 1898లో అచ్చట ఆసుపత్రి తెరువబడెను. నేడు మన మంగళగిరిలోనే అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ, అనగా ఎయిమ్స్, కలదు. దానికి 2015లో శంకుస్థాపన జరిగెను. 2019 నుండి రోగులను చూచుచున్నారు. గుంటూరులో ప్రభుత్వ పెద్దాసుపత్రి కలదు. త్రోవ దగ్గరైనది, సిగ్గు మాత్రము ఇంకను దూరము పోలేదు.

ఎప్పుడు వెళ్లవలెను? కలిసి కాపురము చేయుచు ఒక సంవత్సరము గడచినను గర్భము నిలువని యెడల వెళ్లవలెను. భార్యకు 35 ఏండ్లు దాటిన యెడల 6 నెలలకే వెళ్లవలెను. ముట్టు సరిగా రానివారు, నొప్పి మిక్కిలి గలవారు ఆ గడువు కొరకు ఆగనక్కరలేదు. బహిష్టు తేదీలు కాగితముమీద వ్రాసి తీసికొని వెళ్లుడి.

పీసీఓఎస్ గలవారిలో బరువు ఎక్కువైనవారు నూటికి 5 నుండి 10 వంతులు తగ్గించుకొన్నను అనేకులకు అండము విడుదల మొదలగును. లెట్రోజోల్ అను మాత్రను డాక్టరు చెప్పిన దినములలో వేసికొనుట నేడు మొదటి చికిత్స. ఎండోమెట్రియోసిస్ గలవారికి అవసరమైన యెడల చిన్న రంధ్రముల గుండ లాపరోస్కోపీ ఆపరేషను చేయుదురు. గర్భము కొరకు ప్రయత్నించు ప్రతి స్త్రీయు ముందు నుండియే దినమునకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లము వేసికొనవలెను. క్షయవ్యాధియు మన దేశములో నాళములు మూసికొనుటకు ఒక కారణము గనుక డాక్టరు ఆ పరీక్ష అడిగిన యెడల భయపడవద్దు.

ఐవీఎఫ్, అనగా అండమును వెలుపల ఫలింపజేసి గర్భసంచిలో ఉంచుట, 1978 జూలైలో ఇంగ్లండులో మొదటిసారి ఫలించెను. ఆ సంవత్సరము అక్టోబరులోనే కలకత్తాలో డాక్టరు సుభాష్ ముఖర్జీ కృషివలన ఒక ఆడబిడ్డ పుట్టెను. 2019 సెప్టెంబరులో గుంటూరులో 70 ఏండ్లు దాటిన ఒక తల్లి ఇట్లే కవలలను కనెను. ఆ వార్త విని అనేకులు వృథాగా ఆశపడిరి. 2021 నాటి చట్టము స్త్రీకి 50, పురుషునికి 55 ఏండ్ల హద్దు పెట్టెను. ప్రతి కేంద్రమునకు ప్రభుత్వ నమోదు ఉండవలెనని కూడ ఆ చట్టము చెప్పుచున్నది. నమోదు పత్రము చూపుమని అడుగుటకు జంకవద్దు. ఈ చికిత్స అందరికి ఫలించునది కాదు. ఉన్న అర ఎకరము అమ్ముటకు ముందు, ఎంత ఖర్చగునో, ఫలించు ఆశ ఎంతయో కాగితముమీద వ్రాయించుకొనుడి.

పెంచుకొన గోరువారు దళారుల చేతినుండి బిడ్డను కొనరాదు. అది నేరము, మరియొక తల్లికి అన్యాయము. 2015 నాటి బాలల న్యాయ చట్టము క్రింద క్రైస్తవులును న్యాయముగా దత్తత తీసికొనవచ్చును. జిల్లా బాలల సంరక్షణ అధికారి కార్యాలయములో విచారించుడి. తల్లిదండ్రులు లేని ఎస్తేరును మొర్దెకై పెంచుకొన్నాడు. పెంచుకొనుట రెండవ తరగతి ప్రేమ కాదు.

మందు వేసికొనుట అవిశ్వాసమను వారు లూకా వైద్యుడని మరచిరి (కొలొస్సయులు 4:14). ప్రార్థించుడి, మాత్రయు వేసికొనుడి.

7. సంఘము చేయవలసినది

మా సహోదరికి ఆపరేషను జరిగెను. నొప్పి చాలవరకు తగ్గినది. తరువాత మాత్రలతో ఒకసారి గర్భము నిలిచి, మూడవ నెలలో పోయెను. ఈ మాట వ్రాయు దినమున ఆమెకు బిడ్డ లేదు. ఆమెకు బిడ్డ పుట్టెను గనుక ఈ సాక్ష్యము వ్రాయుటలేదని మీరు తెలిసికొనవలెను. పుట్టినను పుట్టకపోయినను ఆమె మన సహోదరియే.

ఒక ఆదివారము నేను సంఘము ఎదుట నిలిచి, ఆ కూడికలో నేను చెప్పిన మాట తప్పని ఒప్పుకొంటిని. ఆమె వెనుక వరుసలో కూర్చుండెను. కొన్ని వారములకు ఒక శిశు బాప్తిస్మము జరిగినది. పిల్లలు లేనివారి చేతికి పసిబిడ్డను ఇయ్యరాదను మూఢనమ్మకము మన ఊళ్లలో ఎట్టిదో మీరెరుగుదురు. ఆ బిడ్డ తల్లి లేచి, వెనుక వరుసకు నడచి వెళ్లి, ‘అక్కా, నువ్వే ఎత్తుకుని తీసుకురా’ అని బిడ్డను ఆమె చేతిలో పెట్టెను. నేను ఎవరికిని చెప్పియుండలేదు. ఆ తల్లి నాకంటె మంచి ప్రసంగము చేసెను.

చర్చించుటకు ప్రశ్నలు

1. ఏలీ ఏమి చూచెను? ఏమి అడుగలేదు?
2. జెకర్యా ఎలీసబెతులను గూర్చి లూకా చెప్పిన రెండు సంగతులు ఏవి? అవి మన ఊరి మాటలకు ఎట్లు ఎదురుగా ఉన్నవి?
3. మన స్త్రీల కూడికలో నొప్పిని గూర్చి సిగ్గులేక అడుగగల పెద్ద ముత్తయిదువ, లేక నర్సమ్మ ఎవరు?
4. ఆసుపత్రికి ఒంటరిగా పోలేని దంపతులతో ఈ నెల ఎవరు వెళ్లుదురు?

ప్రార్థన: ప్రభువా, అడుగక తీర్పు తీర్చిన మా నోళ్లను క్షమించుము. కనిపెట్టుచున్న ప్రతి ఇంటికి ఓర్పును, సరియైన వైద్యమును, మంచి పొరుగువారిని దయచేయుము. ఆమేన్.