ఒక్క సబ్జెక్టు పోయిందా? ముందు గడువు చూడండి

డిగ్రీ, ఇంజనీరింగ్ ఫలితాలు వచ్చిన నెలా నెలన్నరకు మా ఆఫీసుకు తల్లిదండ్రుల రాక మొదలవుతుంది. ఈ ఏడు మరీ ఎక్కువ. ఒక్క సబ్జెక్టు పోయింది, అదీ రెండు మూడు మార్కుల్లో, పిల్లాడు బాగా రాశానంటున్నాడు, కేసు వేద్దాం సార్ అంటారు. రీవాల్యుయేషన్‌కు ఫీజు కట్టారా అని అడుగుతాను. 'సప్లీకి కట్టాం కదండీ' అన్నదే జవాబు.

సప్లీ వేరు, రీవాల్యుయేషన్ వేరు. ఒకటి కట్టినంత మాత్రాన రెండోది పోదు, రెండూ కట్టుకోవచ్చు. రీవాల్యుయేషన్ గడువు మాత్రం కొద్ది రోజులే ఉంటుంది. అది దాటితే కోర్టుకొచ్చినా కష్టమే. నిబంధనల్లో లేని రీవాల్యుయేషన్‌ను హక్కుగా అడగలేరని మహారాష్ట్ర బోర్డు కేసులో సుప్రీంకోర్టు 1984లోనే తేల్చింది. జడ్జీలు జవాబు పత్రాలు దిద్దడానికి కూర్చోకూడదని, అనుమానం ఉంటే అది పరీక్ష పెట్టిన సంస్థకే అనుకూలమవుతుందని 2017లో రణ్ విజయ్ సింగ్ కేసులో మరోసారి చెప్పింది. 'మావాడు బాగా రాశాడు' అన్న ముక్క మీద రిట్ నిలవదు. ఫలానా జవాబు అసలు దిద్దలేదనో, కూడిక తప్పిందనో కాగితం చూపాలి.

కొందరైతే పాస్ మార్కుల లెక్క కూడా చూసుకోకుండా వస్తారు. జేఎన్‌టీయూ హైదరాబాద్ ఆర్-18 నిబంధనల్లో సెమిస్టర్ పరీక్షలో 75కి 26 రావాలి, ఇంటర్నల్స్ కలిపి 100కి 40 రావాలి. ఇంటర్నల్స్‌లో 22 వచ్చి, పరీక్షలో 25 వస్తే మొత్తం 47 అయినా ఫెయిలే. ఇందులో అన్యాయం ఏమీ లేదు.

ఇక ఆ కాగితం సంగతి. రాసిన జవాబు పత్రం చూసుకునే హక్కు సమాచార హక్కు చట్టం కింద విద్యార్థికి ఉందని 2011లో ఆదిత్య బందోపాధ్యాయ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. దరఖాస్తుకు పది రూపాయలు, నకలుకు పేజీకి రెండు రూపాయలు. దిద్దినవారి పేరు ఇవ్వరు, అడగకండి. జనం దెబ్బతినేది ఇక్కడే. సమాచారం ఇవ్వడానికి అధికారికి 30 రోజుల గడువుంది, ఈలోపు రీవాల్యుయేషన్ గడువు తీరిపోతుంది. నకలు చూసి ఫీజు కడదామనుకున్నారో, అంతే. పోనీ తీరిగ్గా అడుగుదామంటే, పత్రాలను నిబంధనల ప్రకారం దాచి ఉంచినంత కాలమే చూపే బాధ్యత అని అదే తీర్పులో ఉంది. ఆ తర్వాత వాటిని పారేస్తారు. అందుకని ఫలితం వచ్చిన వెంటనే రీవాల్యుయేషన్ ఫీజు కట్టండి, అదే రోజు సమాచార హక్కు దరఖాస్తూ పెట్టండి. మళ్లీ చెబుతున్నాను, నకలు కోసం ఫీజు ఆపకండి.

ఇప్పుడు నా దగ్గరున్న కేసులో అబ్బాయి ఫైనలియర్, ఉద్యోగం చేతిలో ఉంది. ప్రిన్సిపాల్ 'యూనివర్సిటీకి రాస్తాం, కంగారు పడకండి' అన్నాడు. నోటిమాటే, ఇన్‌వార్డ్ నంబరు లేదు. ఎగ్జామినేషన్ బ్రాంచ్‌లో వారం తర్వాత రమ్మన్నారు. ఆ వారంలోనే గడువు తీరింది. సమాచార హక్కు కింద నకలు తెప్పిస్తే అందులో ఒక జవాబుకు మార్కే వేయలేదు! అది పట్టుకుని, ఎవరో చెప్పారని తండ్రి వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాడు. పరీక్ష రాసేవాడు వినియోగదారుడు కాడని బిహార్ బోర్డు కేసులో 2009లోనే సుప్రీంకోర్టు చెప్పేసింది. ఫిర్యాదు కొట్టేశారు, నెలలు పోయాయి.

ఇప్పుడు హైకోర్టులో రిట్ వేశాం. గడువులోగా దరఖాస్తు చేయలేదన్నది యూనివర్సిటీ వాదన. మళ్లీ దిద్దమని మేం అడగడం లేదు, దిద్దకుండా వదిలేసినదాన్ని మొదటిసారి దిద్దమంటున్నాం. ఫీజు కట్టి ఉంటే ఇంత వాదన అవసరం ఉండేది కాదు. కౌంటర్ వేయడానికి వాళ్లు మళ్లీ వాయిదా అడిగారు. రిట్ వేసినంత మాత్రాన పరీక్ష ఆగదు కాబట్టి, సప్లీకి కూడా చదువుకోమని అబ్బాయికి చెప్పాను.