రోహిణి కార్తెలో గుడ్డు పెంకు

రోహిణి కార్తె ప్రవేశించి, మహబూబ్‌నగర్, నల్లగొండ మెట్టసీమలలో రేకుల షెడ్లు మధ్యాహ్నమునకు పెనమువలె కాగుచున్న యీ దినములలో, షాద్‌నగర్, జడ్చర్ల, చౌటుప్పల్ పరిసరములయందు లేయరు కోళ్లను పెంచువారి గోడు ఒక్కటే: ట్రేలలో పగుళ్లు హెచ్చినవి, తోలుగుడ్లు పడుచున్నవి. ఇందులకు ఔషధమని ప్రోబయోటిక్ పొట్లములు తెచ్చి దాణాలో కలుపుట పరిపాటియైనది. పొట్లము నిష్ప్రయోజనమని నేననను. కాని దానికి ముందు చేయవలసిన పనులు కొన్ని కలవు.

కోడికి చెమట పట్టదు. రొప్పియే అది ఒంటివేడిని వెడలగొట్టును. రొప్పినకొలది రక్తములోని బొగ్గుపులుసు వాయువు తఱిగి పెంకునకు వలయు కార్బొనేటు కొఱవడును. ఎండకు మేత ముట్టకపోవుటచే కాల్షియమును తగ్గును. పెంకులో నూటికి 94 పాళ్లు కాల్షియం కార్బొనేటే గావున, ఒక్కొక్క గుడ్డునకు సుమారు 2 గ్రాముల కాల్షియం కావలసియుండగా, ఈ రెండు లోపములును కలిసినచో పెంకు పలుచనగుట వింతగాదు. పెంకు అధికభాగము రాత్రివేళ కట్టును. అందుచేత దాణాలో కాల్షియం 3.5 మొదలు 4 శాతము వఱకు ఉండునట్లు చూచి, అందు సగమైనను పిండిగా గాక గుల్లపలుకులుగా సాయంకాలపు మేతలో వేయవలెను. పలుకులు కందనకాయలో నిలిచి తెల్లవాఱువఱకు మెల్లమెల్లగా కరగును.

ఇక ప్రోబయోటిక్కు. ఇది లాక్టోబాసిల్లస్, బాసిల్లస్ సబ్టిలిస్, ఈస్టు మొదలగు సజీవ సూక్ష్మజీవుల పొడి; మన యింటి పెరుగుతోడు వంటిది. పెద్దకోళ్ల ప్రేవులలోని సూక్ష్మజీవులను కోడిపిల్లలకు పెట్టినచో సాల్మొనెల్లా రోగక్రిమి చొరలేదని 1973లో ఫిన్లాండు శాస్త్రజ్ఞుడు నూర్మి చూపెను. ఇవి ప్రేవులలో పుట్టించు ఆమ్లములు ఖనిజములు ఒంటబట్టుటకు తోడ్పడును. కొన్ని పరిశోధనలలో పెంకు గట్టిపడినది, కొన్నిటిలో భేదమే కానరాలేదు. పచ్చసొన రంగు మాత్రము ప్రధానముగా మక్కలవలన వచ్చునదే, పొట్లమువలన గాదు.

ఒక షెడ్డులో నేను కన్న దృశ్యము చెప్పెదను. ఉదయము బ్లీచింగ్ పొడి కలిపిన తొట్టిలోనే, గంట గడువకముందే పనివాడు ప్రోబయోటిక్కును కుమ్మరించుచుండెను! క్రిములను చంపుటకు వేసిన క్లోరిను మంచివానిని మాత్రము విడుచునా? కాగుచున్న పాలలో తోడు వేసినవాని పని అది. రేకులకొట్టులో నెలలకొలది నిలువయుంచిన పొట్లమునకును ఇదే గతి. లాక్టోబాసిల్లస్ వేడికి చచ్చును, బీజరూపమున నుండు బాసిల్లస్ కొంత తాళును. కావున చల్లనిచోట దాచి, గడువు తేదీ చూచి, చీటీపై వ్రాసిన మోతాదున దాణాలోనే కలుపుడు. యాంటీబయాటిక్ వాడుచున్న దినములలో ఇచ్చినచో డబ్బు నీళ్లపాలే.

ఒకే యీడు కోళ్లున్న రెండు వరుసలు తీసికొని, ఒకదానికి కలిపి, రెండవదానికి కలుపక నాలుగు వారములు మేపుడు. ముప్పది గుడ్ల ట్రేకు పగిలినవెన్నో నిత్యము గోడమీద సుద్దతో వ్రాయుడు. వారమునకొకసారి రెండు వరుసలనుండియు నాటి గుడ్లనే అయిదేసి తీసి పళ్లెములో కొట్టి చూడుడు: తెల్లసొన పచ్చసొనచుట్టు దిట్టముగా నిలిచెనా, నీరువలె పాఱెనా? నాలుగు వారములకును తేడా కనబడనిచో మఱల పొట్లము కొనవలదు. ఆ పైకముతో షెడ్డు ప్రక్కలకు గోనెపట్టాలు కట్టించి, మధ్యాహ్నవేళ తడుపుడు.