నిదానమే ప్రధానం

సంస్కృతంలో 'నిదాన' శబ్దానికి మూలకారణమని అర్థం. ఆయుర్వేదంలో రోగకారణాన్ని నిర్ణయించే భాగానికి నిదానమని పేరు. 'మాధవనిదానం' అనే ప్రసిద్ధ వైద్యగ్రంథం దీనిని గురించినదే. అదే పదం తెలుగులో నెమ్మది, ఓర్పు అనే అర్థాలను సంతరించుకొంది. కారణాన్ని వెదకేవారికి తొందర పనికిరాదు గనుక ఈ రెండర్థాలకూ చుట్టరికం ఉంది. వైద్యునికి వలెనే యంత్రాన్ని బాగుచేసేవారికీ ఈ మాట వర్తిస్తుంది. పాత స్పోర్ట్స్ కారులోని చిన్న లోపాలను ఇంటివద్ద సవరించుకోవడాన్ని ఉదాహరణగా తీసుకొని ఈ విషయాన్ని పరిశీలిద్దాం.

విజయనగరానికి చేరువలో, చంపావతీ నదీతీరాన ఉన్న నెల్లిమర్ల జనపనార మిల్లుతో పేరొందిన ఊరు. యంత్రం ఆగిపోక ముందే దాని ధ్వనిలో తేడా వినిపిస్తుందన్న సంగతి అటువంటి ఊళ్లలో ఎవరూ చెప్పనక్కరలేదు. పాత కారు కూడా తన బాధను ముందుగానే తెలుపుతుంది. వినే ఓపిక మనకుండాలి.

స్పోర్ట్స్ కారు అనగానే అది మనకు అందని విదేశీ వస్తువని తోస్తుంది. కాని ఇంగ్లండులో 1962 నుండి 1980 వరకు మూడు లక్షలకు పైగా తయారైన 'ట్రయంఫ్ స్పిట్‌ఫైర్' అనే రెండు సీట్ల కారుకు మనవైపు దగ్గరి బంధువు ఉంది. దాని చట్రం 'హెరాల్డ్' అనే కారు చట్రాన్ని కుదించి రూపొందించినది. ఆ హెరాల్డ్‌ను మద్రాసులోని స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ సంస్థ 1961 నుండి మన దేశంలో తయారుచేసింది. రెండు కార్ల రూపశిల్పీ ఇటలీకి చెందిన జొవాన్ని మికెలోత్తి. రెండింటిలోనూ బానెట్టు, ముందు చక్రాలపై రెక్కలు ఒకే ముక్కగా ముందుకు తెరుచుకొంటాయి. అప్పుడు ఇంజను ముప్పాతిక వంతు కళ్లెదుట నిలుస్తుంది. ఇంటివద్ద పనిచేసుకొనేవారికి ఇంతకంటె అనుకూలమైన అమరిక అరుదు.

ఇక ఒక చిన్న లోపాన్ని తీసుకొందాం. వర్షాకాలంలో కారు దీపం ఒకటి మసకబారుతుంది. బల్బు మార్చినా ఫలితం ఉండదు. ఎందుకు? విద్యుత్తు బ్యాటరీ నుండి తీగ ద్వారా దీపాన్ని చేరి, కారు లోహదేహం గుండా తిరిగి వస్తుంది. దీపపు ఎర్త్ తీగను దేహానికి బిగించిన చోట తుప్పు పడితే ఆ తిరుగుదారికి ఆటంకం కలుగుతుంది. తీరానికి దగ్గరైన విజయనగరం జిల్లా గాలిలోని తేమకు ఇది సహజం. దీపపు ఎర్త్ కొన నుండి, దేహానికి కలిపిన బ్యాటరీ ధ్రువానికి వేరొక తీగను తాత్కాలికంగా కలిపి చూడాలి. దీపం ప్రకాశిస్తే లోపం తిరుగుదారిలో ఉన్నట్లు రుజువైంది. అప్పుడు బ్యాటరీ తీగను విడదీసి, పానాతో ఆ బోల్టు విప్పి, లోహం మెరిసేదాకా గరుకు కాగితంతో రుద్ది, తిరిగి బిగిస్తే చాలు. అయితే 1960ల నాటి అనేక బ్రిటిష్ కార్లలో ధన ధ్రువాన్ని, తరువాతి కార్లలో ఋణ ధ్రువాన్ని దేహానికి కలిపారు. ఏది ఎటున్నదో ముందుగా చూచుకోవాలి.

ఇంజను తడబడుతూ నడవడం మరొక లోపం. ప్లగ్గును విప్పి చూస్తే అదే కొంత కథ చెబుతుంది. పొడి నల్లని మసి పెట్రోలు పాలు ఎక్కువైనదనడానికి, నూనె తడి ఇంజను నూనె లోనికి చేరుతున్నదనడానికి సూచనలు. ప్లగ్గు ఎడం సుమారు 0.64 మిల్లీమీటర్లు, డిస్ట్రిబ్యూటరులోని కాంటాక్టు పాయింట్ల ఎడం సుమారు 0.38 మిల్లీమీటర్లు ఉండాలి. పాయింట్ల ఎడం మారితే నిప్పురవ్వ పుట్టే సమయమూ మారుతుంది గనుక దానినీ సరిచూడాలి. అన్నిటికంటె ముఖ్యమైన నియమం ఒక పర్యాయానికి ఒకే మార్పు చేయడం. పాయింట్లు, ప్లగ్గులు, కార్బురేటరు ఒకేసారి మార్చినవారికి ఇంజను బాగుపడినా కారణం తెలియదు. చెడితే అసలే తెలియదు.

నిదానానికి హద్దు కూడా తెలియాలి. బ్రేకు ద్రవం గాలిలోని తేమను పీల్చుకొంటుంది. వేడెక్కినప్పుడు ఆ తేమ ఆవిరై బుడగలు ఏర్పడితే, పెడలు నేలకు దిగినా కారు ఆగదు. మెత్తబడిన బ్రేకును అనుభవజ్ఞుడైన మెకానిక్కుకే చూపాలి. మన దేశంలో పెట్రోలులో ఇథనాల్ పాలు 2025 నాటికి 20 శాతానికి చేరింది. ఆనాటి రబ్బరు గొట్టాలు దీనికై తయారైనవి కావు. వాటికి పగుళ్లు కనిపించినా, పెట్రోలు వాసన సోకినా కారు నడపరాదు. కేవలం జాకీపై నిలిపిన కారు కిందకు ఎన్నడూ దూరరాదు. మూసిన షెడ్డులో ఇంజను నడపరాదు. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడు వాసన లేని విషం.

విద్యార్థులారా! పాత వస్తువును బాగుచేయడమంటే దానిని నిర్మించినవారి ఆలోచనను తిరిగి చదవడమే. చూచి, ఊహించి, పరీక్షించి, ఆపైన చేయి వేయడం దానికి పద్ధతి. తన చేతికి మించిన పనిని నేర్పరికి అప్పగించడమూ ఆ పద్ధతిలో భాగమే. తొందరపడి మార్చిన భాగానికి డబ్బు పోతుంది. తొందరపడి ముట్టుకొన్న బ్రేకుకు ప్రాణమే పోవచ్చు. కనుకనే మన పెద్దలు నిదానమే ప్రధానమన్నారు.